డొమైన్ మీదా, వెబ్‌సైట్ చేసినతనిదా? రిజిస్ట్రీ, రిజిస్ట్రార్, నేమ్‌సర్వర్ వగైరా

మిగతావాళ్లకి తలాతోకా తెలియడానికి ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్తాను. అడిగిన తమ్ముడిది చీమకుర్తి. నాన్నగారికి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది, గెలాక్సీ శ్లాబులు ఎక్స్‌పోర్ట్ చేస్తారు. కొన్నేళ్ల కిందట తెలిసిన కుర్రాడొకడు వెబ్‌సైట్ చేసిపెట్టాడు, డొమైన్ కూడా అతనే తీశాడు. ఇప్పుడతను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు, ఫోన్ సరిగ్గా ఎత్తట్లేదు. డొమైన్ వచ్చే నెల ఎక్స్‌పైర్ అవుతోంది. ఒకసారి ఎత్తినప్పుడు "ట్రాన్స్‌ఫర్ చెయ్యాలంటే పదిహేను వేలు అవుతుంది" అన్నాడట. ఆ రేటు న్యాయమేనా, అసలు డొమైన్ మాదా అతనిదా, రిజిస్ట్రీ, రిజిస్ట్రార్, రీసెల్లర్, నేమ్‌సర్వర్ అంటే ఏంటి, డాట్ కామ్ ఉంచాలా డాట్ ఇన్‌కి మారాలా అని అడిగారు. ఒకేసారి పదేళ్లకి కట్టేస్తే పోదా అని నాన్నగారి ప్రశ్న.

నేను ఒంగోలులో చాలాకాలంగా ఈ పనే చేస్తున్నాను. ఇలాంటి పంచాయితీలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. గ్రానైట్ వాళ్లు, రొయ్యల హేచరీల వాళ్లు, స్కూళ్లు, ఎవరైనా కథ మాత్రం ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు రెన్యూవల్. ఎవరిది ఎవరిది అనే గొడవ తేలేదాకా దాన్ని ఆపొద్దు. అతనికి ఒక ఏడాది రెన్యూవల్ డబ్బులు మాత్రం ఫోన్‌పే చేసి, "రెన్యూవల్ కోసం" అని మెసేజ్ పెట్టి, రిజిస్ట్రార్ పంపిన రసీదు వాట్సాప్‌లో తెప్పించుకోండి. డాట్ కామ్‌కి ఏడాదికి జీఎస్టీతో కలిపి వెయ్యి నుంచి రెండు వేల లోపు అవుతుంది. ఆ డబ్బు అతని చేతికి ఇవ్వడం మీకు కడుపుమంటగానే ఉంటుంది, తెలుసు. కానీ డొమైన్ బతికి ఉంటేనే కదా దాని మీద హక్కు గురించి మాట్లాడుకునేది.

ఇక అసలు విషయం. వెబ్‌సైట్ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ లోపల నాలుగు వేర్వేరు సరుకులు ఉన్నాయి. పేరు డొమైన్. ఆ పేరు కొడితే తెరుచుకునే పేజీలు ఉండే చోటు హోస్టింగ్. పేజీలు, ఫొటోలు వెబ్‌సైట్. మీ కంపెనీ పేరుతో వచ్చే మెయిల్ ఇంకొకటి. ఈ నాలుగూ నాలుగు కంపెనీల దగ్గర ఉండొచ్చు, ఒక్కచోటే ఉండొచ్చు. మీవాడు "అంతా కలిపి ఏడాదికి ఇంత" అని తీసుకున్నాడు కాబట్టి మీకు ఒకటే వస్తువులా కనిపిస్తోంది. వీటిలో హోస్టింగ్ పోతే కొత్తది తీసుకోవచ్చు, వెబ్‌సైట్ పోతే వారంలో మళ్లీ చేయించుకోవచ్చు. డొమైన్ పోతే మాత్రం మీ విజిటింగ్ కార్డులు, ఇన్‌వాయిస్‌లు, బయ్యర్ల దగ్గరున్న మెయిల్ ఐడీలు అన్నీ దాంతోపాటే పోతాయి. అందుకే మిగతా మూడిటినీ పక్కనపెట్టి డొమైన్ గురించే మాట్లాడతాను.

డొమైన్ "కొన్నాం" అంటాం గానీ ఎవరూ కొనుక్కోవడం అనేది లేదు. ఏడాది నుంచి పదేళ్ల వరకు మీ పేరు మీద రాయించుకుంటారు, గడువు అయ్యేలోపు మళ్లీ కడతారు, అంతే. రాసేది ఎక్కడ, రాయించేది ఎవరు అనేదే మీరు అడిగిన పదాలన్నిటి సారం. పై నుంచి వద్దాం. అమెరికాలో కాలిఫోర్నియాలో ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1998లో ఏర్పడింది. ప్రపంచం మొత్తానికీ పేర్ల వ్యవహారం గందరగోళం కాకుండా నియమాలు చూసేది అదే. మీకు డొమైన్ అమ్మదు, నేరుగా పని పడేది తక్కువ. దాని కింద ఒక్కో తోకకి, అంటే పేరు చివర వచ్చే డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి ముక్కకి, ఒక్కో రిజిస్ట్రీ ఉంటుంది. ఆ తోకతో ఉన్న పేర్లన్నీ రాసి ఉంచే పుస్తకం దాని దగ్గరే ఉంటుంది. డాట్ కామ్ పుస్తకం వెరిసైన్ అనే కంపెనీ దగ్గర ఉంది, డాట్ నెట్ కూడా వాళ్లదే. డాట్ ఆర్గ్ పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీది. మన డాట్ ఇన్‌ది నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా. ఏ పేరు ఎప్పటిదాకా ఎక్కి ఉంది, దాని నేమ్‌సర్వర్లు (వీటి సంగతి కింద చెప్తాను) ఏవి అనేదానికి ఆఖరి మాట రిజిస్ట్రీదే.

రిజిస్ట్రీలోకి మనం నేరుగా వెళ్లి రాయించుకోలేం. రాయించే అనుమతి ఉన్న కంపెనీలే రిజిస్ట్రార్లు. గోడాడీ, నేమ్‌చీప్, బిగ్‌రాక్, హోస్టింగర్, ఇలా మనం టీవీలోనో యూట్యూబ్‌లోనో చూసే పేర్లు ఈ బాపతువి. వాళ్ల కింద రీసెల్లర్లు ఉంటారు. నాలాంటి షాపులవాళ్లు, డిజైనర్లు, కొన్ని హోస్టింగ్ కంపెనీలు ఒక రిజిస్ట్రార్ దగ్గర అకౌంట్ పెట్టుకుని కస్టమర్లకి డొమైన్లు తీసిస్తుంటారు. రీసెల్లర్ దగ్గర తీసుకోవడంలో తప్పేం లేదు, కానీ మీ డొమైన్‌కి అసలు రిజిస్ట్రార్ ఎవరో మీకు తెలిసి ఉండాలి. రీసెల్లర్ షాపు మూసేసినా రిజిస్ట్రార్ ఉంటాడు, అక్కడికి వెళ్లొచ్చు. రిజిస్ట్రార్లు కూడా చేతులు మారుతుంటారు. గూగుల్ తన డొమైన్ వ్యాపారాన్ని 2023లో స్క్వేర్‌స్పేస్‌కి అమ్మేసింది, కస్టమర్ల డొమైన్లన్నీ దాంతోపాటే అటు వెళ్లిపోయాయి. ఎవరి డొమైనూ పోలేదు, ఎందుకంటే అసలు పుస్తకం రిజిస్ట్రీ దగ్గరుంది.

ఆఖరున రిజిస్ట్రెంట్. ఎవరి పేరు మీద డొమైన్ ఎక్కిందో వాళ్లు. మన జిల్లాలో ఎవరికైనా ఒక్క మాటలో అర్థమయ్యేలా చెప్పాలంటే భూమి ఎవరి పేరున ఉందో చూపించే వన్‌బీ కాగితం గుర్తు చేస్తాను. ఏళ్ల తరబడి మీరే దున్ని పండించినా వన్‌బీలో ఇంకొకరి పేరుంటే బ్యాంకువాడు లోన్ ఎవరికిస్తాడు? ఇక్కడా అంతే. డబ్బులు మీవి, బోర్డు మీది, కానీ రిజిస్ట్రెంట్ గడిలో ఆ కుర్రాడి పేరు, అతని జీమెయిల్, అతని ఫోన్ నంబరు ఉంటే రిజిస్ట్రార్ అతని మాటే వింటాడు. మీరు ఎంత మొత్తుకున్నా "అకౌంట్ హోల్డర్‌తో మాట్లాడించండి" అనే అంటారు. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు. అలా అనకపోతే మీ డొమైన్‌ని ఎవడైనా ఫోన్ చేసి ఎత్తుకుపోవచ్చు.

అందుకని అతన్ని తిట్టుకునేముందు రికార్డులో ఏముందో చూడండి. లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్ అనే సైటులో మీ డొమైన్ కొట్టండి. పాతవాళ్లు దీన్ని హూఈజ్ చూడటం అంటారు. డాట్ కామ్ లాంటివాటికి 2025 జనవరి నుంచి ఆ పాత పద్ధతి తప్పనిసరి కాదు, ఆర్‌డ్యాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది. పేరు మారింది గానీ మనకి కనిపించే సమాచారం అదే. రిజిస్ట్రార్ పేరు ఉంటుంది, రాసుకోండి. క్రియేటెడ్, ఎక్స్‌పైరీ తేదీలు ఉంటాయి. తేదీ పక్కన టైము కూడా ఉంటుంది, అది మన టైము కాదు, యూటీసీ. మనం దానికి అయిదున్నర గంటలు ముందున్నాం. కింద స్టేటస్ అని ఉంటుంది, అక్కడ "క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్" అని కనపడితే కంగారు పడొద్దు. ఎవడూ దొంగతనంగా వేరే చోటికి తీసుకుపోకుండా వేసిన తాళం అది, ఉండటమే మంచిది. "క్లయింట్ హోల్డ్" అని ఉంటే మాత్రం డొమైన్ ఆపేశారని అర్థం. డబ్బు కట్టకపోయినా, రిజిస్ట్రెంట్ మెయిల్‌ని 15 రోజుల్లో వెరిఫై చెయ్యకపోయినా అలా జరుగుతుంది.

రిజిస్ట్రెంట్ పేరు దగ్గర బహుశా "రిడాక్టెడ్" (అంటే దాచిపెట్టారు) అనో, ఏదో ప్రైవసీ సర్వీసు పేరో కనిపిస్తుంది. 2018లో యూరప్‌లో డేటా రక్షణ చట్టం వచ్చాక చాలామంది రిజిస్ట్రార్లు వ్యక్తుల వివరాలు బయటికి చూపించడం మానేశారు. కనిపించకపోయినంత మాత్రాన లోపల లేవని కాదు. ఆర్గనైజేషన్ అనే గడి ఒకటి ఉంటుంది, అది ముఖ్యం. అక్కడ మీ కంపెనీ పేరుంటే మీ చెయ్యి పైనే. అకౌంట్ అతనిదైనా డొమైన్ సంస్థదేనని చూపించి, జీఎస్టీ సర్టిఫికెట్, పాత బిల్లులు, ఇన్నేళ్లు ఆ మెయిల్‌తో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు పెట్టి రిజిస్ట్రార్‌ని అడగొచ్చు. అతనే మర్యాదగా ఆ గడి నింపి ఉండొచ్చు కూడా. చాలామంది డిజైనర్లు చెడ్డవాళ్లు కాదు. హడావిడిలో తమ అకౌంట్‌లోనే కస్టమర్ల డొమైన్లన్నీ పెట్టుకుంటారు, తర్వాత ఉద్యోగం వచ్చి వెళ్లిపోతారు, అంతే.

ఇప్పుడు ఆ పదిహేను వేల సంగతి. ట్రాన్స్‌ఫర్ అంటే ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చడం. దానికి కొత్త రిజిస్ట్రార్ తీసుకునేది మామూలుగా ఒక ఏడాది రెన్యూవల్ రేటే, ఆ ఏడాది కూడా మీ గడువుకే కలుస్తుంది. పాత రిజిస్ట్రార్ దగ్గర అతను చెయ్యాల్సింది రెండే పనులు. తాళం తియ్యాలి, ఆథ్ కోడ్ ఇవ్వాలి. డొమైన్‌ని వేరే రిజిస్ట్రార్‌కి తీసుకెళ్లడానికి కావలసిన పాస్‌వర్డ్ లాంటిది అది. ఈపీపీ కోడ్ అన్నా అదే. రిజిస్ట్రెంట్ అడిగితే రిజిస్ట్రార్ 5 రోజుల్లోపు ఈ కోడ్ ఇచ్చి తీరాలని ఐకాన్ నియమం. కోడ్ కొత్త రిజిస్ట్రార్ దగ్గర వేశాక, పాతవాళ్లు ఏమీ అనకుండా ఊరుకుంటే మరో 5 రోజుల్లో డొమైన్ వచ్చేస్తుంది. ఇందులో పదిహేను వేల పని ఎక్కడా లేదు. అతని టైముకి ఏదో ఇస్తాం అంటే అది మీకూ అతనికీ మధ్య మర్యాద, ఫీజు మాత్రం కాదు.

కానీ మీకు ట్రాన్స్‌ఫర్ అవసరమే లేదు. అదే రిజిస్ట్రార్ దగ్గర మీరు ఉచితంగా ఒక అకౌంట్ తెరవండి, కంపెనీ పేరుతో. అతను తన అకౌంట్ నుంచి మీ అకౌంట్‌కి డొమైన్‌ని పంపిస్తే చాలు. మేము దీన్ని పుష్ చెయ్యడం అంటాం, కొన్ని చోట్ల అకౌంట్ ఛేంజ్ అని ఉంటుంది. దాదాపు అన్ని చోట్లా ఉచితం, నిమిషాల్లో అయిపోతుంది. వెబ్‌సైట్ ఆగదు, మెయిల్ ఆగదు, ఎందుకంటే నేమ్‌సర్వర్లు మారవు. ట్రాన్స్‌ఫర్ అని అడిగినప్పుడు అతనికి పెద్ద పనిలా తోచి ఉండొచ్చు. "పుష్ చెయ్యి, మా అకౌంట్ మెయిల్ ఇది" అని అడిగి చూడండి, తీరు మారుతుంది. అది అయ్యాక రిజిస్ట్రెంట్ పేరు, మెయిల్, ఫోన్ మీవి పెట్టండి. పేరు మార్చాక 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కి వెళ్లకుండా లాక్ పడొచ్చు. కొత్తగా తీసిన డొమైన్‌కీ, ఈమధ్యే మారిన డొమైన్‌కీ అలాంటి లాకే ఉంటుంది. మీరు ఎక్కడికీ వెళ్లట్లేదు కాబట్టి దాని గురించి ఆలోచించొద్దు.

మెయిల్ పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. రిజిస్ట్రార్ అకౌంట్‌కి మీ డొమైన్ మీదున్న మెయిలే ఇవ్వకండి. డొమైన్ ఆగిన రోజు ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది. రెన్యూవల్ హెచ్చరికా రాదు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకూ రాదు, ఇంటి తాళంచెవి ఇంట్లోనే ఉండిపోయినట్టు అవుతుంది. నాన్నగారి పేరుతో విడిగా ఒక జీమెయిల్ తెరిచి, దాన్ని ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకుని, టూ స్టెప్ వెరిఫికేషన్ వేసుకోండి.

అతను అసలు దొరకకపోతే? ముందు రిజిస్ట్రార్ సపోర్ట్‌కి రాయండి, కాగితాలతో. రిజిస్ట్రెంట్ మీరే అయ్యుండి కూడా కోడ్ ఇవ్వకపోతే ఐకాన్‌కి కంప్లయింట్ పెట్టొచ్చు. రికార్డంతా అతని పేరు మీదే ఉంటే అది వివాదం కిందికి వస్తుంది. డాట్ కామ్‌కి యూడీఆర్‌పీ అని 1999 నుంచి ఒక పద్ధతి ఉంది, డాట్ ఇన్‌కి నిక్సీ నడిపే ఐఎన్‌డీఆర్‌పీ ఉంది. యూడీఆర్‌పీలో మూడు చూపించాలి. ఆ పేరు మీద మీకు ట్రేడ్‌మార్క్ హక్కు ఉందని, అవతలివాడికి న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో తీసుకుని వాడుతున్నాడని. ఇలాంటి కేసులు చూసే వైపో (ఐక్యరాజ్యసమితి మేధోసంపత్తి సంస్థ) దగ్గర తీర్పు చెప్పడానికి ఒక్క ప్యానలిస్టు చాలనుకుంటే అయిదు డొమైన్ల వరకు ఫీజు 1,500 డాలర్లు, లాయరు ఖర్చు వేరే. మీ కేసుకి అది అయ్యే పని కాదనే నా అభిప్రాయం. ఊళ్లో పెద్దమనిషి ఒకరితో అతని నాన్నకి ఫోన్ చేయించడమే మన వైపు త్వరగా పనిచేస్తుంది.

ఎక్స్‌పైర్ అయితే ఏమవుతుందో చెప్తాను, చాలామందికి ఇక్కడ అపోహలున్నాయి. గడువు దాటిన నిమిషంలో డొమైన్ ఎవడూ ఎగరేసుకుపోడు. గడువుకి సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి రిజిస్ట్రార్ మెయిల్ పంపాలి. మీ విషయంలో అవి అతని జీమెయిల్‌కి పోతున్నాయి. దాటాక డాట్ కామ్ లాంటివాటికి సున్నా నుంచి 45 రోజుల వరకు గ్రేస్ ఉంటుంది. ఎన్ని రోజులనేది రిజిస్ట్రార్ ఇష్టం, ఆ "సున్నా"ని మర్చిపోవద్దు. ఈలోగా వెబ్‌సైట్ బదులు ప్రకటనల పేజీ వస్తుంది, మెయిల్ ఆగిపోతుంది. కొందరు రిజిస్ట్రార్లు ఈ సమయంలోనే డొమైన్‌ని వేలానికి పెట్టేస్తారు. గ్రేస్ అయిపోయి డిలీట్ చేస్తే 30 రోజుల రిడెంప్షన్. ఇప్పుడూ తెచ్చుకోవచ్చు గానీ రెన్యూవల్ మీద మరి కొన్ని వేలు వదిలించుకోవాలి. ఆ తర్వాత 5 రోజులు పెండింగ్ డిలీట్. అప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు, మీరైనా సరే. ఆరో రోజు ఎవరు ముందు కొడితే వాళ్లది. ముందు కొట్టేది మనుషులు కాదు, దానికోసమే పెట్టిన కంప్యూటర్లు. కాస్త పాతదై, బయటి సైట్ల నుంచి లింకులున్న డొమైన్ అయితే మన చేతికి దొరకదనే అనుకోవాలి. డాట్ ఇన్ లెక్కలు కొంచెం వేరు గానీ వరుస ఇదే.

పేరు గురించి. మీగ్రానైట్ డాట్ కామ్ అనుకుందాం. కామ్ అనేది టాప్ లెవెల్ డొమైన్, నేను పైన తోక అన్నది దాన్నే. మీగ్రానైట్ సెకండ్ లెవెల్, మీరు కట్టేది దీనికోసమే. దాని ముందు మెయిల్, షాప్, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఏది పెట్టినా అది సబ్‌డొమైన్. ఎన్నయినా పెట్టుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. "సబ్‌డొమైన్‌కి రెండు వేలు" అని ఎవరైనా అంటే అది పని చేసినందుకు కూలీ, రిజిస్ట్రేషన్ కాదు. మామూలు పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే ఉండాలి. గీత మొదట్లో, చివర ఉండకూడదు. ఒక ముక్క 63 అక్షరాలు దాటకూడదు. క్యాపిటల్, స్మాల్ తేడా లేదు.

రెండక్షరాల తోకలన్నీ దేశాలవో ప్రాంతాలవో. ఇన్ మనది. ఇప్పుడు అందరూ ఎగబడుతున్న ఏఐ అనేది కరీబియన్‌లో ఆంగ్విల్లా అనే చిన్న దీవిది, టీవీ అనేది పసిఫిక్‌లో తువాలుది. డాట్ ఇన్ 2005లో నిబంధనలు సడలించాక అందరికీ తేలిగ్గా దొరుకుతోంది, కో డాట్ ఇన్ కూడా అంతే. గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ శాఖలకే ఇస్తారు, ఏసీ డాట్ ఇన్ విద్యాసంస్థలకే. బ్యాంకులు బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాలని ఆర్‌బీఐ 2025లో ఆదేశించింది, గడువు ఆ ఏడాది అక్టోబర్ 31. వాటిని ఇచ్చేది హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఒక్కటే. కాబట్టి ఇకమీదట బ్యాంకు పేరుతో లింకు వస్తే చివర బ్యాంక్ డాట్ ఇన్ ఉందా లేదా చూడమని ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి. మన లిపిలో డాట్ భారత్ కూడా ఉంది, చీమకుర్తి డాట్ భారత్ అని తెలుగులోనే రాయించుకోవచ్చు. లోపల కంప్యూటర్లు దాన్ని ఎక్స్, ఎన్, రెండు గీతలతో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల వరుసగా మార్చుకుంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఇటలీ బయ్యరు కీబోర్డులో తెలుగు ఉండదు కదా, మీ వ్యాపారానికి పనికిరాదు.

మీ ప్రశ్నకి సూటిగా: డాట్ కామ్‌నే ఉంచండి. విదేశీ బయ్యర్లకి ఇన్నేళ్లుగా అలవాటైన మెయిల్ అది, మార్చడం తెలివితక్కువ పని. డాట్ ఇన్ కూడా ఒకటి తీసి, కొడితే డాట్ కామ్‌కే వెళ్లేలా మళ్లించండి. డాట్ ఇన్‌లో గుర్తింపు పత్రాలు అడుగుతారు, వేరే కంపెనీ పేరు వెనక దాక్కునే ప్రాక్సీ సౌకర్యం లేదు. కంపెనీ పేరుతోనే తీస్తారు కాబట్టి మీకు అది ఇబ్బంది కాదు.

నేమ్‌సర్వర్ గురించి ఇప్పుడు. కంప్యూటర్లు ఒకదాన్నొకటి ఐపీ నంబర్లతో వెతుక్కుంటాయి. ఒకప్పుడు ఏ పేరుకి ఏ నంబరు అనేది ఒక్క ఫైలులో రాసి, అమెరికాలో ఒకచోట ఉంచి, అందరూ కాపీ తెచ్చుకునేవాళ్లు. మెషీన్లు పెరిగేసరికి అది కుదర్లేదు. 1983లో పాల్ మోకపెట్రిస్ అనే ఆయన ఆ పనిని అందరికీ పంచే పద్ధతి రూపొందించాడు, అదే డీఎన్ఎస్. మీ పేరు కొట్టగానే కామ్ పుస్తకం "వాళ్ల వివరాలు ఫలానా నేమ్‌సర్వర్ దగ్గరున్నాయి" అంటుంది. ఆ నేమ్‌సర్వర్ దగ్గర మీ రికార్డులు ఉంటాయి. ఇంగ్లీషు "A" అక్షరం పేరుతో ఉండే "ఏ" రికార్డు వెబ్‌సైట్ ఉన్న నంబరు చెప్తుంది. సీనేమ్ ఒక పేరుని ఇంకో పేరుకి తగిలిస్తుంది. ఎమ్ఎక్స్ మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్తుంది. టీఎక్స్‌టీలో రకరకాల ధ్రువీకరణలు ఉంటాయి.

ఎక్కువ ప్రమాదం ఇక్కడే జరుగుతుంది. కొత్త డిజైనర్ వస్తాడు, "నేమ్‌సర్వర్ మార్చండి, సైటు లైవ్ చేస్తా" అంటాడు. మారుస్తారు, కొత్త సైటు బ్రహ్మాండంగా వస్తుంది, అందరూ సంతోషం. రెండు రోజుల తర్వాత తెలుస్తుంది, మెయిల్స్ రావట్లేదని. కొత్త నేమ్‌సర్వర్ దగ్గర "ఏ" రికార్డు పెట్టాడు గానీ ఎమ్ఎక్స్ ఎక్కించలేదు. పంపినవాళ్లకి బౌన్స్ అవుతుంది, మీకేమో నిశ్శబ్దం. షిప్‌మెంట్ డాక్యుమెంట్ల కోసం బయ్యర్ మెయిల్ మీద మెయిల్ పెడుతూ ఉంటాడు. అందుకని నేమ్‌సర్వర్ మార్చేముందు పాతచోట ఉన్న రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీసి, కొత్తచోట ఒక్కొక్కటి ఎక్కించి, పోల్చి చూసి అప్పుడు మార్చమనండి. సైటు మాత్రమే మారుతుంటే నేమ్‌సర్వర్ జోలికే వెళ్లక్కర్లేదు, "ఏ" రికార్డు ఒక్కటి మారిస్తే సరిపోతుంది. రికార్డుని బయటి కంప్యూటర్లు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పేది టీటీఎల్ అనే గడి. ఒక రోజు ముందే అందులో 300 పెట్టించండి, అంటే 300 సెకన్లు. అక్కడ 86400 ఉంటే పాత నంబరు ఒక రోజంతా జనం దగ్గర తిరుగుతూనే ఉంటుంది. "ప్రాపగేషన్‌కి (మార్పు అందరికీ చేరడానికి) 48 గంటలు పడుతుంది" అనేది చాలాసార్లు ఈ గడి చూసుకోనివాళ్లు చెప్పే మాట.

ఎక్స్‌పోర్ట్ చేస్తున్నారు కాబట్టి ఇంకొకటి అడక్కపోయినా చెప్తాను. మన దగ్గర ఒక ఎక్స్‌పోర్టర్‌కి జరిగింది, పేరు వద్దు. బయ్యర్‌కి ప్రొఫార్మా ఇన్‌వాయిస్ పంపారు. రెండు రోజులకి బయ్యర్‌కి ఇంకో మెయిల్ వెళ్లింది, "మా బ్యాంకు అకౌంట్ మారింది, అడ్వాన్స్ దీనికి వెయ్యండి" అని. కింద అదే సంతకం, అదే లోగో, పాత మెయిల్ గొలుసంతా అలాగే ఉంది. డొమైన్‌లో మాత్రం గ్రానైట్ అనే ఇంగ్లీషు స్పెల్లింగులో ఐ ఉండాల్సిన చోట ఎల్ ఉంది. ఫోన్ తెరమీద చూస్తే ఎవరికి తెలుస్తుంది? డబ్బు ఎక్కడికో పోయింది, సరుకు ఇక్కడే ఉంది, తప్పు నీదంటే నీదని ఇద్దరూ కొట్టుకున్నారు. అలాంటి పోలిక పేరు ఎవరైనా కొన్ని డాలర్లకే తీసుకోవచ్చు, రిజిస్ట్రార్ ముందుగా ఆపడు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు పెడితే మీ సొంత డొమైన్ పేరుతోనే దొంగ మెయిల్ వెళ్లకుండా చాలావరకు ఆపొచ్చు, తప్పకుండా పెట్టించండి. కానీ పోలిక పేర్లని అవి ఆపలేవు. బ్యాంకు వివరాలు మారాయంటే పాత నంబరుకి ఫోన్ చేసి మాట్లాడితే తప్ప నమ్మొద్దని బయ్యర్లందరికీ ముందే రాసి ఉంచండి. వీలైతే మీ పేరుకి బాగా దగ్గరగా ఉండే స్పెల్లింగులు ఒకటి రెండు మీరే తీసేసుకోండి.

పోలిక పేర్ల మీద చట్టం చేతులు కట్టుకుని కూర్చోలేదు. సత్యం ఇన్ఫోవే అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల సిఫీ పేరుకి ఇంకో ఎఫ్ తగిలించి వేరే కంపెనీ డొమైన్లు తీసుకుంటే వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్లింది. ట్రేడ్‌మార్క్‌కి ఉండే రక్షణ డొమైన్ పేరుకీ ఉంటుందని 2004లో సత్యం ఇన్ఫోవేకి అనుకూలంగా తీర్పొచ్చింది. మీ బ్రాండ్‌కి ట్రేడ్‌మార్క్ లేకపోతే చేయించుకోండి, రేపు ఏ గొడవ వచ్చినా అది చేతిలో ఉండాలి.

ఇంకో సంగతి. పోస్టులోనో మెయిల్‌లోనో "మీ డొమైన్ ఎక్స్‌పైర్ అవుతోంది, వెంటనే కట్టండి" అని తెలియని కంపెనీల నుంచి వస్తుంటాయి. చైనాలో మీ పేరు ఎవరో రిజిస్టర్ చేయబోతున్నారనీ వస్తాయి. లుకప్‌లో కనిపించిన రిజిస్ట్రార్ పేరు కాకపోతే చింపి పారెయ్యండి. మొదటి ఏడాది వంద రూపాయలకే అనే ఆఫర్లు చూసి కొత్త పేర్లు తీసేటప్పుడు రెండో ఏడాది రేటు ఎంతో కింద చిన్న అక్షరాల్లో చూసుకోండి. జీఎస్టీ 18 శాతం అదనం.

నాన్నగారి ప్రశ్నకి వస్తే, డాట్ కామ్‌కి పదేళ్లకి మించి ఒకేసారి ఇవ్వరు, పదేళ్లు కట్టొచ్చు. కానీ డొమైన్ మీ అకౌంట్‌లోకి రాకముందు మాత్రం ఒక్క ఏడాదికి మించి పైసా కట్టొద్దు, కడితే అతని పేరు మీదున్న ఆస్తికి మీరు పదేళ్లు పన్ను కట్టినట్టే. పుష్ అయ్యాక అయిదేళ్లకి కట్టి, ఆటో రెన్యూవల్ ఆన్ చేసి, బిల్లు కంపెనీ జీఎస్టీ నంబరుతో తీసుకోండి. కార్డు గడువు అయిదేళ్లలోపే అయిపోతుంది కాబట్టి ఆటో రెన్యూవల్‌ని నమ్ముకుని ఊరుకోకుండా ఎక్స్‌పైరీకి రెండు నెలల ముందు తేదీ మీ ఆడిటర్‌ గారి డైరీలో కూడా రాయించండి. రిటర్నుల తేదీలు ఆయన ఎలాగూ మర్చిపోరు. లుకప్‌లో రిజిస్ట్రార్ ఎవరని వచ్చిందో ఇక్కడ రాస్తే, ఆ కంపెనీలో పుష్ ఆప్షన్ ఏ మెనూలో ఉంటుందో చెప్తాను.